రోబోతో ఊరి బడికి: హైస్కూల్ రోబోటిక్స్ జట్టు కోసం సమగ్ర మార్గదర్శి

మూడేళ్ల కింద దేవరకొండ వైపు ఒక ఊరి బడికి మా రోబోటిక్స్ జట్టును తీసుకుపోయాను. 120 మంది పిల్లల్ని వరండాలో వరుసగా కూర్చోబెట్టారు. మావాళ్లు పోటీ కోసం తయారుచేసిన రోబోను నడిపించి చూపించారు. అది బంతిని ఎత్తింది, బుట్టలో వేసింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. 40 నిమిషాల్లో అంతా అయిపోయింది. సామాను సర్దుకుంటుంటే వెనక వరుసలోంచి ఒక పిల్లవాడు వచ్చి, "అన్నా, ఒక్కసారి ముట్టుకుంటనే" అని అడిగాడు. మా జట్టు అబ్బాయి "వద్దు తమ్మీ, వైర్లు ఊడిపోతయ్" అన్నాడు.

ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. వారంలో పోటీ ఉంది, ఆరు నెలల కష్టం ఆ రోబోలో ఉంది. తప్పు నాది. పిల్లలు ముట్టుకోవడానికి పనికొచ్చే వస్తువు ఒక్కటైనా మా సంచిలో లేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని జట్టుతో ఆ మాటే మాట్లాడాను. అప్పటినుంచి మేం పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట వైపు ఏ బడిలో రోబోటిక్స్ జట్టు ఉన్నా దీన్ని వాడుకోవచ్చు.

ఎక్కడికి పోవాలి, ఎన్నిసార్లు పోవాలి

మొదట చేసే పొరపాటు ఎక్కువ ఊళ్లు పెట్టుకోవడం. "ఈ ఏడు 20 బడులకు పోయినం" అని చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ ఒకసారి పోయి మళ్లీ మొహం చూపించకపోతే, ఆ పిల్లలకు మనం సర్కసు వాళ్లతో సమానం. ఏడాదికి రెండు బడులు చాలు. ఒక్కో బడికి కనీసం మూడుసార్లు పోవాలి. మూడోసారి పోయినప్పుడు పిల్లలు మన పేర్లతో పిలుస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది.

బడిని ఎంచుకునేటప్పుడు గంటన్నరలో చేరుకునే దూరం చూడండి. అంతకంటే దూరమైతే పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావడం కష్టం. రెండోసారి పోవడానికి జట్టులో సగం మంది ఇంట్లో ఒప్పుకోరు. జిల్లా పరిషత్ హైస్కూళ్లు, కస్తూర్బా బాలికల విద్యాలయాలు, గురుకులాలు, తండాల దగ్గరి బడులు అన్నీ మంచివే. గురుకులాల్లో ఒక సౌకర్యం ఉంది. ఆదివారం కూడా పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి మన జట్టు బడి మానేయాల్సిన పని ఉండదు.

తేదీ పెట్టేముందు బడి క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. మొదటి నెల పుస్తకాలు, అడ్మిషన్ల హడావిడిలో పోతుంది. జూలై నుంచి బతుకమ్మ సెలవుల దాకా ఒక మంచి కాలం, దీపావళి నుంచి జనవరి చివరి దాకా ఇంకొకటి. ఫిబ్రవరి వచ్చిందంటే పదో తరగతి వాళ్లకు స్పెషల్ క్లాసులు, మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఆపై ఒంటిపూట బడులు. ఆ రోజుల్లో పోయి ఎవరినీ ఇబ్బంది పెట్టొద్దు. ఇంకో సంగతి, పత్తి ఏరే రోజుల్లో కొన్ని ఊళ్లలో పెద్ద తరగతుల పిల్లలు కూలికి పోతారు. హెచ్ఎం సారును అడిగితే ఆ వారాలేవో చెప్తారు.

అనుమతులు

ముందుగా ఆ బడి హెచ్ఎంను ఫోన్లో కాకుండా నేరుగా కలవాలి. జట్టు మొత్తం పోవాల్సిన పనిలేదు, మెంటర్‌గా ఉన్న టీచరు, ఇద్దరు పిల్లలు చాలు. ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. ఎవరు వస్తున్నారు, ఎన్ని గంటలు, ఏ తరగతికి, ఏం చేయిస్తారు, బడి నుంచి ఏం కావాలి, ఇంతే రాయాలి. ప్రభుత్వ బడి అయితే ఆ ఉత్తరం నకలు మండల విద్యాధికారికి ఇవ్వాలి. ఒకటి కంటే ఎక్కువ మండలాల్లో తిరిగేటట్టయితే డీఈఓ ఆఫీసులో కూడా ఒక మాట చెప్పి పెట్టుకుంటే తర్వాత ఇబ్బంది రాదు. బాలికల గురుకులాలకు, కస్తూర్బాలకు ప్రిన్సిపాల్ లేదా స్పెషల్ ఆఫీసర్ రాతపూర్వక అనుమతి తప్పనిసరిగా ఉండాలి, మనవైపు నుంచి ఒక మేడం కూడా రావాలి.

మన జట్టు పిల్లల తల్లిదండ్రుల సంతకాలు వేరే. అందులో బయల్దేరే టైమ్, తిరిగొచ్చే టైమ్, వెంట వచ్చే టీచరు ఫోన్ నంబరు రాసి ఉండాలి. ప్రయాణానికి మేం ఆర్టీసీ బస్సే వాడతాం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు వెంట ఉంటే చాలు. జట్టులో సగం మంది అమ్మాయిలున్నప్పుడు ఖర్చు ఎంత తగ్గుతుందో లెక్క వేసుకోండి. ఆటో మాట్లాడుకునేది ఊరి స్టేజీ నుంచి బడి దాకానే. సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో పొద్దున దిగేటప్పుడే కండక్టరును అడిగి పెట్టుకోవాలి.

పిల్లల భద్రత గురించి మా దగ్గర మూడు కట్టుబాట్లున్నాయి. మా జట్టువాళ్లెవరూ ఆ బడి పిల్లలతో ఒంటరిగా ఒక గదిలో ఉండకూడదు. ఆ బడి టీచరు ఒకరు మొదటినుంచి చివరిదాకా అక్కడే ఉండాలి. పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు. కావాలంటే చేతులకు, వాళ్లు చేసిన వస్తువుకు ఫొటో తీసుకోండి. నిజానికి ఆ ఫొటోలే బాగుంటాయి. ఏ పిల్లవాడైనా తన కష్టం ఏదైనా చెప్పుకుంటే మన పిల్లలు దాన్ని భుజానేసుకోకుండా వెంటనే టీచరుకు చెప్పాలని, పిల్లల సహాయానికి 1098 అనే ఫోన్ నంబరు ఒకటుందని ముందే నేర్పాలి.

పెట్టెలో ఏముండాలి

పోటీ రోబోను ఇంట్లో పెట్టి పోండి. లేదా ఆఖరి పది నిమిషాల కోసమే బయటికి తీయండి. ఊరి బడికి తీసుకుపోవాల్సింది నలుగురు పిల్లలకు ఒక పెట్టె. మా పెట్టెలు పాత చెప్పుల డబ్బాలే. ఒక్కో దాంట్లో ఇవి ఉంటాయి: 3 వోల్టుల చిన్న డీసీ మోటరు, రెండు పెన్సిల్ సెల్లులు పట్టే హోల్డరు, ఒక స్విచ్, పేపర్ కప్పు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు, చెరిపే రబ్బరు ముక్కలు, టేపు, జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు. జడ రబ్బర్ల కథ తర్వాత చెప్తాను.

మోటరుకు వైర్లు ముందే టంకం వేసి తీసుకుపోవాలి. టంకం వేసే కడ్డీని ఊరి బడికి తీసుకుపోవద్దు. 30 మంది పిల్లలున్న గదిలో 300 డిగ్రీలు దాటే వస్తువు మనకెందుకు? కరెంటు ఉంటుందన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు, అన్నీ సెల్లుల మీదే నడవాలి. చాలామంది 9 వోల్టుల చదరపు బ్యాటరీ కొంటారు. దాని వోల్టేజీ ఎక్కువే కానీ మోటరుకు కావాల్సినంత కరెంటును అది ఇవ్వలేదు. రెండు నిమిషాలు తిరిగి నీరసపడిపోతుంది. పెన్సిల్ సెల్లులే మంచివి. లిథియం సెల్లులు చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. షార్ట్ అయితే మంటలు రావచ్చు.

కొనడానికి డబ్బుల్లేవని ఆగిపోవద్దు. పాడైన ఆట బొమ్మల కార్లు, పాత సీడీ డ్రైవులు, కాలిపోయిన ప్రింటర్లు, వీటన్నిట్లో మంచి మోటర్లు ఉంటాయి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి రిపేరు షాపుల్లో "బడి పిల్లల కోసం" అని చెప్పి అడిగితే చాలామంది ఊరికే ఇచ్చారు. ఒక టీవీ మెకానిక్ అయితే వాటిని విప్పడం కూడా మా వాళ్లకు నేర్పించాడు. అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేయడానికి కేంద్ర పథకంలో పెట్టిన ల్యాబ్) ఉన్న బడులకు ఇంకో దారి ఉంది. 2016లో మొదలైన ఆ పథకంలో బడికి 20 లక్షల దాకా గ్రాంటు వచ్చింది, ల్యాబ్ పెట్టడానికి 10 లక్షలు, ఐదేళ్లు నడపడానికి 10 లక్షలు. చుట్టుపక్కల పిల్లలకు కూడా ఆ ల్యాబ్ ఉపయోగపడాలన్నది పథకం ఉద్దేశాల్లో ఒకటి. తాళం వేసి ఉన్న ల్యాబ్ మీ మండలంలో ఉంటే ఆ హెచ్ఎంను అడగండి, అడగడంలో తప్పు లేదు.

జట్టులో ఎవరు ఏం చేయాలి

పది మంది జట్టయితే ఎనిమిది మంది పోతే సరిపోతుంది. ఆరుగురు ఒక్కొక్కరు ఒక గుంపు దగ్గర కూర్చుంటారు. ఒకరు ముందు నిలబడి మాట్లాడతారు, ఒకరు టైమ్, సామాను చూసుకుంటారు. ముందు నిలబడే పని ఎప్పుడూ ఒకే పిల్లకు ఇవ్వకండి. మా జట్టులో ఒక అబ్బాయి ప్రోగ్రామింగ్‌లో దిట్ట కానీ నలుగురిలో నోరు విప్పేవాడు కాదు. వాడికి గుంపు దగ్గర కూర్చునే పనిచ్చాం. నలుగురు చిన్నపిల్లలతో మాట్లాడి మాట్లాడి, మూడో ఊరికి వాడే ముందు నిలబడతానన్నాడు.

పోయేముందు మన బడిలోనే ఆరో తరగతి పిల్లలతో ఒకసారి చేసి చూడాలి. ఈ రిహార్సల్ వదిలేస్తే ఊళ్లో తప్పకుండా తడబడతారు. రిహార్సల్లో ఒకే ఒక నియమం ఉంటుంది: గుంపు దగ్గర కూర్చున్న జట్టు సభ్యుడి చేతులు వెనక్కి కట్టుకుని ఉండాలి. నోటితో చెప్పొచ్చు, చేత్తో చేసి పెట్టకూడదు. పెద్ద పిల్లలకు ఇది ఎంత కష్టమో చూస్తే తెలుస్తుంది. "ఇటియ్యి, నేను చేస్త" అనే మాట రాగానే ఆ పెట్టె మన పెట్టె అయిపోతుంది.

90 నిమిషాల కార్యక్రమం

పదిన్నరకు మొదలుపెట్టి పన్నెండుకు ముగించడం మాకు బాగా కుదిరింది. మధ్యాహ్న భోజనం గంటకు ముందే అయిపోవాలి. గుడ్డు పెట్టే రోజున వంటగది నుంచి వాసన వస్తుంటే మన సెన్సర్ ముచ్చట ఎవరూ వినరు, వినాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు.

మొదటి పది నిమిషాలు పేర్లు, గుంపులు. నలుగురేసి కూర్చోబెట్టండి. ఒక్కో గుంపులో అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి కూర్చోవడానికి ఇబ్బంది పడితే బలవంతం చేయొద్దు. కానీ అమ్మాయిల గుంపులకు పెట్టెలు ముందు ఇవ్వండి. ఆఖర్న ఇస్తే సామాను తక్కువ పడేది వాళ్లకే. ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి: "మీ ఇంట్లో, పొలంలో తిరిగే వస్తువులేమున్నాయి?" ఫ్యాను, మిక్సీ, గిర్నీ, బోరు మోటరు, కుట్టు మిషను, నూలు రాట్నం, ఇట్లా బోర్డు నిండిపోతుంది. మనం చెప్పబోయేది వాళ్లకు తెలిసిన విషయమేనని వాళ్లే బోర్డు మీద చూస్తారు.

తర్వాతి పదిహేను నిమిషాలు "మనిషి రోబో" ఆట. ఒక పిల్లవాడి కళ్లకు గంతలు కట్టి వాకిలి దగ్గర నిలబెట్టాలి. క్లాసు మొత్తం కలిసి వాణ్ని బల్లలు తగలకుండా నల్లబోర్డు దాకా తీసుకుపోవాలి. వాడికి నాలుగు మాటలే అర్థమవుతాయి: ముందుకు, ఆగు, కుడికి తిరుగు, ఎడమకు తిరుగు. మొదట అందరూ ఒకేసారి అరుస్తారు, రోబో బల్లను గుద్దుకుంటుంది. అప్పుడు కాగితం మీద ముందే రాసి ఒకరే చదవాలని చెప్పండి. "ముందుకు" అంటే ఎన్ని అడుగులు అన్న గొడవ వస్తుంది. ఆ గొడవ రావాలి. ప్రోగ్రాం అంటే ఏమిటో అప్పుడు మనం చెప్పాల్సిన పని ఉండదు. కంప్యూటరు, కరెంటు, పైసా ఖర్చు లేకుండా నడిచే ఈ ఆట తర్వాత రోజుల్లో కూడా ఆ బడి టీచర్లు ఆడించగలరు.

ఆ తర్వాత 40 నిమిషాలు గీతలు గీసే బొమ్మ. కప్పును బోర్లించి, దానికి మూడు స్కెచ్ పెన్నులను కాళ్లలా కట్టాలి. కప్పు పైన మోటరును, సెల్లులను బిగించాలి. మోటరు కడ్డీకి రబ్బరు ముక్క గుచ్చాలి. స్విచ్ వేస్తే అది కాగితం మీద గెంతుతూ రంగురంగుల గీతలు గీస్తుంది.

ఇందులో కీలకమంతా ఆ రబ్బరు ముక్కలో ఉంది. దాన్ని సరిగ్గా నడుమ గుచ్చితే మోటరు నున్నగా తిరుగుతుంది, కప్పు కదలదు. ఒక అంచుకు గుచ్చితే బరువు ఒకవైపు లాగుతుంది, తిరిగిన ప్రతిసారీ కప్పు వణుకుతుంది. మొబైల్ ఫోన్ వైబ్రేషన్‌లో ఉండేది ఇలాంటి ఒకవైపు బరువే. ఈ మాట మాత్రం ముందు చెప్పొద్దు. ప్రతి గుంపూ మొదట నడుమే గుచ్చుతుంది. "అన్నా, మాది తిరుగుతున్నది కానీ నడుస్తలేదు" అంటారు. "ఎందుకట్ల?" అని తిరిగి అడిగి ఊరుకోండి. రెండు నిమిషాల మౌనం భరించగలిగితే చాలు.

చండూరు వైపు ఒక బడిలో టేపు ఎండకు జారిపోయి పెన్నులు నిలవడం లేదు. ఒక గుంపులో ఎనిమిదో తరగతి అమ్మాయి కాసేపు దాన్నే చూసింది. జడకున్న ఎర్ర రబ్బరు బ్యాండు లాగి కప్పు చుట్టూ రెండు చుట్లు వేసి, దాని కిందికి పెన్నులు ఒక్కొక్కటే దూర్చింది. సగం జడ విప్పుకుపోయి భుజం మీద పడుతున్నా పట్టించుకోలేదు. స్విచ్ వేసింది. పెన్నులు ఊగాయి కానీ పడలేదు. ఐదు నిమిషాల్లో క్లాసులోని అమ్మాయిలందరి జడలూ విప్పి ఉన్నాయి, అబ్బాయిలు రబ్బర్ల కోసం బతిమాలుతున్నారు. మా పెట్టెల్లో జడ రబ్బర్లు ఆ రోజు నుంచే ఉంటున్నాయి. ఆ రోజు ఆ బడి నుంచి మేం నేర్చుకుని వచ్చింది అది.

బొమ్మ నడిచాక ఒక నిజం చెప్పాలి. ఇది రోబో కాదు. దీనికి ఏమీ తెలియదు, బల్ల అంచు వస్తే కింద పడిపోతుంది. పడకుండా ఉండాలంటే దానికి ఏం కావాలని అడగండి. "కండ్లు కావాలె" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అప్పుడు మిగిలిన పదిహేను నిమిషాల కోసం ఆర్డ్యునో బోర్డు (ప్రోగ్రాం ఎక్కించి నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది), అల్ట్రాసోనిక్ సెన్సర్ బయటికి తీయండి. మనం వినలేని శబ్దాన్ని ఆ సెన్సర్ పంపుతుంది, తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని కొలుస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి దూరం లెక్క కట్టొచ్చు. పోవడానికీ రావడానికీ కలిపి పట్టిన సమయం కనుక సగం చేయాలి. ధ్వని పాఠంలో ప్రతిధ్వని లెక్క చేసిన పిల్లలు ఇది వెంటనే పట్టుకుంటారు. చెయ్యి అడ్డం పెడితే బజర్ మోగేలా చేయండి. తర్వాత మడత పెట్టిన దుప్పటి అడ్డం పెట్టించండి. మెత్తటి బట్ట శబ్దాన్ని మింగేస్తుంది, సెన్సర్ తడబడుతుంది. యంత్రం ఎక్కడ పొరపడుతుందో చూపించడం కూడా పాఠమే.

ఆఖరి పది నిమిషాలు సర్దుకోవడానికి. సెల్లులన్నీ లెక్కపెట్టి తీసుకోవాలి. గుండీ సెల్లులు వాడి ఉంటే ఒక్కటి కూడా అక్కడ మిగలకూడదు, చిన్న తమ్ముడో చెల్లెలో మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఏ మాటలో చెప్పాలి

తెలుగులోనే చెప్పాలి, మనం ఇంట్లో మాట్లాడే తెలుగులో. మోటరు, సెన్సర్, స్విచ్, బ్యాటరీ అన్నవి ఊళ్లో అందరికీ తెలిసిన మాటలే, వాటికి కొత్త తెలుగు పదాలు వెతకొద్దు. "ఇన్‌పుట్, ప్రాసెసింగ్, ఔట్‌పుట్" అని మొదలుపెడితే మాత్రం పిల్లలు కళ్లు దించుకుంటారు. చూడడం, తేల్చుకోవడం, చేయడం అంటే చాలు. దేవరకొండ, అచ్చంపేట తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. నారాయణపేట వైపు కన్నడం, పట్టణాల్లో ఉర్దూ వినిపిస్తాయి. జట్టులో ఆ భాష వచ్చిన పిల్ల ఒక్కరున్నా ఆ గుంపు దగ్గర కూర్చోబెట్టండి. మా జట్టులో ఒక తండా అమ్మాయి చాలా రోజులు తనకు లంబాడీ వచ్చునని మాకు చెప్పలేదు. ఒక బడిలో చిన్నపిల్లలతో ఆమె ఆ భాషలో మాట్లాడిన తీరు చూసి జట్టంతా ఆమెను చూసే చూపే మారింది.

మన దగ్గర పుట్టిన యంత్రాన్ని చూపించండి

రోబోలంటే జపాన్, అమెరికా వీడియోలు చూపిస్తాం. వాటికంటే ముందు ఆసు యంత్రం గురించి చెప్పాలని నా గట్టి అభిప్రాయం. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు నూలును ఆసు పోయాలి, అంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదుగా దారాన్ని అటూ ఇటూ వేయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు తిరుగుతుంది. ఆ పని చేసేది ఇంటి ఆడవాళ్లే, భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి కష్టం చూసి, ఆరో తరగతితో చదువు ఆగిపోయినా, ఏళ్ల తరబడి కష్టపడి 1999 నాటికి ఆ పనిచేసే యంత్రాన్ని తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

దీన్ని కథలా చెప్పి వదిలేయకుండా చేయించండి. చెక్క మీద అర్ధచంద్రాకారంలో 20 మేకులు కొట్టి తీసుకుపోండి. ఒక పిల్లతో 50 సార్లు దారం వేయించండి, మిగతావాళ్లు లెక్కపెట్టాలి. 50 అయ్యేసరికి చెయ్యి లాగుతుంది. 9,000 అంటే ఏమిటో అప్పుడు అర్థమవుతుంది. "ఇందులో చెయ్యి చేసే కదలికలు ఎన్ని రకాలు? ఏ కదలికను మోటరు చేయగలదు?" అని అడిగి కాగితం మీద బొమ్మ గీయించండి. నేత కుటుంబాల పిల్లలున్న ఊళ్లో అయితే ఆ పిల్లలే మనకు తప్పులు దిద్దుతారు.

పాలమూరు వైపు జూరాల గేట్లు ఎత్తిన వార్త ప్రతి వానాకాలం వింటాం కాబట్టి, డబ్బాలో నీళ్లు ఒక గుర్తు దాటితే చిన్న సర్వో మోటరుతో (చెప్పినంత కోణం తిరిగి ఆగే మోటరు) అట్ట గేటు లేచే నమూనా బాగా నచ్చుతుంది. బోరు మోటరుకు పెట్టే మొబైల్ స్టార్టర్ గురించి మాట్లాడొచ్చు, బొమ్మ గీయొచ్చు. కానీ స్టార్టర్ డబ్బా మూత తీయడం, ముట్టుకోవడం అస్సలు వద్దు. మూడు ఫేజుల మధ్య 415 వోల్టులు ఉంటాయి. "సెన్సర్ పెట్టి చూద్దాం సార్" అని మన పిల్లలే ఉత్సాహపడతారు, గట్టిగా ఆపాలి.

ఫ్లోరైడ్ ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు

నల్లగొండలో ఏ జట్టును అడిగినా మొదట ఈ మాటే వస్తుంది. రావాలి కూడా. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాల్లో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులున్నారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడే ఆ నల్లగొండ పద్ధతిని రూపొందించింది నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ. మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో పెట్టడానికి ఈ చరిత్రే కారణం.

కానీ పిల్లలు తరచూ చేసే తప్పు ఒకటుంది. టీడీఎస్ సెన్సర్ కొని, ఆర్డ్యునోకు తగిలించి, "మా రోబో ఫ్లోరైడ్ కొలుస్తుంది" అని బోర్డు పెడతారు. అది అబద్ధం. టీడీఎస్ సెన్సర్ నీళ్లలో కరిగిన మొత్తం లవణాలను కరెంటు పారే తీరును బట్టి అంచనా వేస్తుంది. అందులో కాల్షియం ఎంతో, ఫ్లోరైడ్ ఎంతో అది చెప్పలేదు. తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. టీడీఎస్ మాత్రం వందల్లో ఉంటుంది. ఆ వందల్లో ఒకటీ రెండూ ఎక్కడ కనిపిస్తాయి? టీడీఎస్ తక్కువగా ఉన్న నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. మన మీటరు చూసి "ఈ బోరు నీళ్లు మంచివే" అని ఒక అవ్వ తాగితే ఆ పాపం ఎవరిది?

ఫ్లోరైడ్ కోసం రంగు మారే రసాయనంతో చేసే ఫీల్డ్ టెస్ట్ కిట్ ఉంటుంది, లేదా ప్రత్యేకమైన ఎలక్ట్రోడ్ కావాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో ఈ పరీక్ష చేస్తారు. కాబట్టి జట్టు చేయగలిగిన నిజాయితీ గల పని ఇది: ఊరి పిల్లలతో బోర్ల జాబితా రాయించడం, నమూనా సీసాల మీద తేదీ, చోటు సరిగ్గా రాయడం నేర్పడం, ల్యాబుకు పంపడం, వచ్చిన ఫలితాన్ని పంచాయతీ దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో అతికించడం. ఇందులో రోబో లేదు. అయినా మా జట్టు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఇంకొక మాట. ఫ్లోరోసిస్‌తో బాధపడేవాళ్ల ఫొటోలు మీ పోటీ పోస్టర్ల కోసం తీయొద్దు. వాళ్ల కాళ్లకు, చేతులకు ఫొటోలు తీసుకుపోయినవాళ్లు ఇన్నేళ్లలో చాలామంది. మళ్లీ వచ్చినవాళ్లు తక్కువ.

రెండోసారి, మూడోసారి

మొదటిసారి వచ్చేటప్పుడు ఒక పెట్టెను అక్కడే వదిలి రండి. దాంతోపాటు ఒక 100 పేజీల నోట్‌బుక్కు. సైన్స్ టీచరు దగ్గర తాళం, ఇద్దరు పిల్లల చేతిలో బాధ్యత. అందులో ఒకరు అమ్మాయి అయితే మంచిది. నోట్‌బుక్కులో ఏం చేశారో, ఏది చెడిపోయిందో రాయాలి, అంతే.

ఒక బడిలో రెండు నెలల తర్వాత ఆ నోట్‌బుక్కు తెరిస్తే ఇలా ఉంది: "మోటరు తిరగలేదు. సెల్లు కొత్తదే. స్ప్రింగుకు తుప్పు పట్టింది. గరుకు కాగితంతో రుద్దినం. తిరిగింది." పక్కన స్ప్రింగు బొమ్మ, బాణం గుర్తు. మా జట్టు పిల్లలు ఆ పేజీ చుట్టూ చేరి చదివారు. సెల్లు మారిస్తే సరిపోతుందని మేం చెప్పి వచ్చాం. తుప్పు సంగతి మేం చెప్పలేదు.

రెండోసారి కొత్త ప్రదర్శన పెట్టొద్దు. వాళ్లు చేసిందే చూడాలి, దానికి ఒక మెట్టు కలపాలి. గీతల బొమ్మకు రెండో మోటరు, చక్రాలు, అంచు వస్తే ఆగే స్విచ్. మూడోసారి ఆర్డ్యునో వాళ్ల చేతికి ఇవ్వొచ్చు. మధ్యలో నెలకోసారి ఆ టీచరుకు ఫోన్ చేసి పలకరించాలి. టీచరు బదిలీ అయితే పెట్టె మూలన పడుతుంది, అందుకే ఇద్దరు టీచర్లకు పరిచయం చేసి పెట్టుకోండి.

పాఠం చెప్పడం ఒక్కటే కాదు

ఊరి బడి పిల్లల ఆలోచనను ఇన్‌స్పైర్ మానక్‌కు (బడి పిల్లల కొత్త ఆలోచనలకు సాయమిచ్చే కేంద్ర పథకం) పంపడంలో సాయం చేయొచ్చు. ఒక్కో బడి నుంచి ఐదు ఆలోచనలు ఆన్‌లైన్‌లో పంపే వీలుంది, ఎంపికైతే నమూనా తయారీకి పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. చాలా బడుల్లో ఆలోచన ఉంటుంది, దాన్ని పేజీలో రాసి అప్‌లోడ్ చేసేవాళ్లుండరు. టైప్ చేసి పెట్టండి, బొమ్మ గీయడానికి సాయపడండి. ఆలోచన మాత్రం వాళ్లదే ఉండాలి. మన ఆలోచనను వాళ్ల పేరుతో పంపడం సాయం కాదు.

మండల, జిల్లా సైన్స్ ఫెయిర్లలో బల్లలు వేయడం, కరెంటు బోర్డులు చూసుకోవడం, చిన్నపిల్లల స్టాళ్ల దగ్గర నిలబడటం లాంటి పనులకు ఎప్పుడూ మనుషులు తక్కువే. రోబోటిక్స్ పోటీల్లో కూడా అంతే. ఫస్ట్ లెగో లీగ్ లాంటి చిన్నపిల్లల పోటీల్లో మైదానం సర్దేవాళ్లు, జట్లను వరుసలో పంపేవాళ్లు వాలంటీర్లే. పెద్ద పిల్లలు ఒకసారి ఆ పని చేస్తే, తాము పోటీలో ఉన్నప్పుడు రిఫరీ మీద అరవడం మానేస్తారు.

లెక్క ఎలా రాసుకోవాలి

ఫస్ట్ టెక్ ఛాలెంజ్ లాంటి పోటీల్లో జడ్జీలు జట్టు బయట చేసిన పని గురించి కూడా అడుగుతారు, అవార్డులున్నాయి. అందుకని అంకెలు పెంచాలన్న ఆశ పుడుతుంది. వరండాలో కూర్చున్న 120 మందిని "మేం నేర్పిన 120 మంది" అని రాయడం మొదలైతే ఆగదు. మా రిజిస్టరులో మూడు గళ్లున్నాయి: చూసినవాళ్లు, చేత్తో చేసినవాళ్లు, రెండోసారి కూడా వచ్చి చేసినవాళ్లు. మూడో గడి ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది. జడ్జీ ముందు మేం ఆ గడితోనే మొదలుపెడతాం.

ప్రతి పర్యటన తర్వాత బస్సులోనే, మర్చిపోకముందే, ఒక్కొక్కరు రెండు విషయాలు రాయాలి: ఈ రోజు ఏ పిల్ల ఏ ప్రశ్న అడిగింది, నాకు జవాబు తెలియనిది ఏది. ఆ జవాబు తెలియని ప్రశ్నలను సోమవారం ల్యాబు బోర్డు మీద రాస్తాం. ఒక ప్రశ్న మూడు వారాలుగా అక్కడే ఉంది: "దుప్పటి శబ్దాన్ని మింగితే, గబ్బిలానికి దుప్పటి కనిపించదా?" వచ్చే నెల ఆ బడికి మళ్లీ పోతున్నాం, జవాబుతో పోవాలి.